ఉప్పు వేసిన సింగాడలు

కిషన్‌బాగ్,
బోనాలు అయిన మూడో రోజు.

వదినకు,

ఇది మాట్లాడటం కాదు, రాయడం. నేను ఒట్టు పెట్టుకున్నది మాట్లాడనని మాత్రమే, రాయనని ఎవరూ అనలేదు. ఇందులో అమ్మవారు కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆమెకూ ఈ సంగతి వివరంగా చెప్పుకున్నాను.

రేపు నువ్వు నలుగురిలో కథ మార్చకుండా, ఆదివారం జరిగింది కాగితం మీద పెడుతున్నాను. గుడి నుంచి వచ్చి, బోనం దేవుడి ముందర దించి, మీ ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. నేను పక్కనున్న చిన్నమ్మతో నెమ్మదిగా ఒక మాట చెప్పుకుంటున్నాను. మా మేడ మీద పెద్ద తొట్టిలో సింగాడ వేశానని, చలికాలం బండి మీద కొనుక్కోకుండా ఇంటి కాయలే తింటామని. నువ్వు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, అందరికీ వినపడేలా ఏమన్నావు? "సింగాడలా? దాని చేతిల పుదీన గూడ బతకది. నీళ్ళల్ల కాసే కాయ కాస్తదా?" అన్నావు. అందరూ నవ్వారు. మా ఆయన నర్సింహ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆయన సంగతి ఇంటికి వచ్చాక చూసుకున్నాను.

నాకు ఒళ్ళు మండింది. లేచి బోనం మీద చెయ్యి పెట్టి, "కాస్తది. కాసిన కాయ నీ చేతిల పెట్టేదాక నీతోని మాట్లాడితే అమ్మవారి మీద ఒట్టు" అన్నాను. పెద్దదానివి, నువ్వైనా ఆపాలి కదా. గరిటె కింద పెట్టి నువ్వు కూడా వచ్చి చెయ్యి పెట్టావు. "నేను గూడ. నా చేతికి కాయ రాంది నోరు తెరిస్తే ఒట్టు" అన్నావు. మా అన్న నోట్లో పెట్టుకున్న ముక్కను నమలాలో మింగాలో తెలియక అట్లాగే కూర్చున్నాడు. జరిగింది ఇదీ.

ఫోన్ చేస్తే మాట అవుతుంది. ఫోన్‌లో తెలుగు టైపు చేయబోతే నేను ఒకటి నొక్కితే అది ఇంకొకటి రాస్తోంది. అన్న ఆటో రోజూ ఇటు తిరుగుతుంది కాబట్టి ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. చదవొద్దని చెప్పాను. చదువుతాడు.

మీ ఇంట్లో నా స్టీలు డబ్బా ఉండిపోయింది. అందులో ఏమైనా వేసి పంపినా అది మాట కిందికి రాదు.

నీ ఆడబిడ్డ,
స్వరూప


లాల్‌దర్వాజా,
శనివారం.

స్వరూపకు,

డబ్బా పంపుతున్నాను, నిండుగానే. మామిడికాయ తొక్కు. నర్సింహన్నకు ఎక్కువ పెట్టు, ఆ రోజు బాగా నవ్వాడు.

కాగితం మీద పెన్ను పెట్టగానే నాకు బడి భాష వచ్చేస్తోంది, నవ్వకు. నీకు ఉత్తరం రాయడం నేర్పింది నేనేనని గుర్తుందా? కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తమ్మ లేదు. ఆరో తరగతి చదివే నువ్వు ఒక జడ పైకి, ఒక జడ కిందికి వేసుకొని గడప మీద కూర్చున్నావు. కడుపునొప్పి అని సెలవు చీటీ రాయమని నా వెంట పడ్డావు. నేను ఆ ఇంట్లో చేసిన మొదటి పని నీ తరఫున అబద్ధం రాయడం. అందుకని నిజం కాగితం మీద పెట్టడం గురించి నువ్వు నాకు పాఠం చెప్పకు.

నీ ఉత్తరంలో తప్పులు దిద్దుతున్నాను. ఒకటి, నేను పుదీన ఒక్కదాన్నే అనలేదు. తులసి గురించీ మనీప్లాంటు గురించీ కూడా అన్నాను. మర్యాద కోసం వదిలేసినట్టున్నావు. రెండు, గరిటె కింద పెట్టలేదు. అది కుడిచేతిలోనే ఉంది, ఎడమ చెయ్యి పెట్టాను. ఎడమ చేత్తో పెట్టిన ఒట్టు చెల్లుతుందా అని గుడి దగ్గర అయ్యగారిని అడిగాను. చెల్లుతుందట.

ఇంట్లో ఏం తోచక రాస్తున్నానని అనుకోకు. సాయంత్రాలు మస్తు ప్రశాంతంగా ఉన్నాయి. నీ ఫోన్ రాదు కాబట్టి పప్పు మాడటం లేదు. ఏదైనా సంగతి ఉంటే మీ అన్నకు చెప్తాను. ఆయన ఊఁ అంటాడు. ఇంకొకటి చెప్తాను. మళ్ళీ ఊఁ అంటాడు. హాయిగా ఉంది.

తొట్టిలో నీళ్ళు నిలవుంటే దోమలు వస్తాయి. చూసుకో.

నీ వదిన,
నీలమ్మ


కిషన్‌బాగ్,
శ్రావణ శుక్రవారం.

వదినకు,

చేపలు అందాయి. నేను అడగలేదు, అయినా అందాయి.

అన్న వాటిని ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి, ఆటో అద్దానికి వేలాడదీసి తెచ్చాడట. శాలిబండ దగ్గర బ్రేకు వేసేసరికి కవరు ఊగి సగం నీళ్ళు వెనక కూర్చున్న ఆయన ఒళ్ళో పడ్డాయట. ఆయన దిగిపోతూ "భాయ్, ఆటో నడుపుతున్నవా, అక్వేరియం నడుపుతున్నవా?" అని అడిగాడట. చేపలకు ఏమీ కాలేదు. దోమ పిల్లలను కరకరా తినేస్తున్నాయి. నేను ఓడిపోవాలని కోరుకునేవాళ్ళు చేపలు పంపరు కదా వదినా. ఇది ప్రశ్న కాదు, ఊరికే రాస్తున్నాను.

తొట్టి సంగతి చెప్తాను. అడుగున చెరువు మట్టి, పేడ, దాని మీద నిండా నీళ్ళు. మొలకలు వచ్చిన కాయలు పక్కింటి షౌకత్ బీ ఇచ్చింది. వాళ్ళ తమ్ముడు ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఎట్ల పెంచాలని అడిగితే ఆమె, "మేం తినేటోళ్ళం బేటీ, పెంచేటోళ్ళం గాదు" అంది. ఇప్పుడు ఆకులు నీళ్ళ మీద గుండ్రంగా పరుచుకుని పళ్ళెంలా కనపడుతున్నాయి. నేను వాటిని ముట్టుకోవడం లేదు. దూరం నుంచి చూసి వస్తాను. నువ్వన్న మాటకు నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

ఇక అసలు సంగతి. ఇది ఫోన్‌లో చెప్పాల్సింది, నీకే మొదట చెప్పాల్సింది. మా పిల్ల ప్రీతికి సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు ఎల్లేష్, కరెంటు ఆఫీసులో పని. పిల్లకు నచ్చాడు. వాడి మీద జోకులు వేస్తోంది, కాబట్టి బాగా నచ్చినట్టే. పెళ్ళి కార్తీకంలో.

పెళ్ళికి ముందు పుట్టింటివాళ్ళు నాకు ఒడిబియ్యం పోయాలి. పుట్టిల్లంటే అన్నా నువ్వే కదా. నోరు తెరవకుండా ఒడి ఎట్లా నింపుతావో ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

స్వరూప


లాల్‌దర్వాజా,
మరుసటి రోజే.

స్వరూపా,

మీ అన్న ఇంటికి వచ్చి "ప్రీతికి కుదిరిందట" అని చెప్పి స్నానానికి వెళ్ళాడు. అంతే. తలుపు దగ్గర నిలబడి ఎంత అడిగినా లోపలి నుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అబ్బాయి పొడుగా, పొట్టా? తల్లి ఎట్లాంటిది? ప్రీతి ఏ చీర కట్టుకుంది? చాయ్ ఇచ్చేటప్పుడు ఒలకబోసిందా? ఆ పిల్లను నేను ఎత్తుకొని పెంచాను. దాని పెళ్ళి సంగతి నాకు స్నానాల గది తలుపులోంచి తెలియాలా?

నిన్నటి నుంచి ఫోన్ చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం. ఒట్టు గట్టున పెట్టేద్దామని ఒకసారి అనుకున్నాను. తర్వాత భయం వేసింది. మామూలు ఒట్టయితే నేనూ నువ్వూ ఎన్ని తప్పలేదు. ఇది బోనం మీద పెట్టింది. పిల్ల పెళ్ళి ముందర పెట్టుకొని అమ్మవారి మాట తప్పితే, రేపు ప్రీతికి కాలికి చిన్న ముల్లు గుచ్చుకున్నా నేనే అనుకుంటాను. నువ్వూ అనుకుంటావు, నాకు తెలుసు.

కానీ ఒడిబియ్యం నేను మూగగా పోయను. బియ్యం పోస్తూ "సల్లగ ఉండు బిడ్డా" అనకపోతే అది బియ్యం కొలవడమే. కిరాణా కొట్టాయన కూడా పోస్తాడు. నీ పెళ్ళప్పుడు అత్తమ్మ లేదని నీ ఒడి నింపింది నేను. ఈసారి కూడా ఆ మాట నా నోటితోనే రావాలి.

అందుకని ఆ తొట్టిని కాయించు. నేను నవ్వను. పుదీన సంగతి ఎత్తను. చేపలు తక్కువైతే చెప్పు.

నీ వదిన


కిషన్‌బాగ్,
బతుకమ్మకు వారం ముందు.

వదినకు,

పువ్వు పూసింది. తెల్లగా, చిన్నగా, నీళ్ళ మీదికి మెడ ఎత్తి. సాయంత్రం విచ్చుకుంది. నర్సింహను, ప్రీతిని, షౌకత్ బీని అందరినీ మేడ ఎక్కించి చూపించాను. షౌకత్ బీ దిష్టి తగలకుండా ఏదో చదివి ఊదింది. నేను నీకు ఉత్తరం రాయడానికి కూడా కూర్చున్నాను.

తెల్లారి చూస్తే పువ్వు లేదు.

ఇంకోటి పూసింది. అదీ లేదు. తర్వాతదీ అంతే. పూసిన పువ్వు పూసినట్టు మాయమవుతోంది. పిట్టలు తింటున్నాయనుకొని పైన వల కట్టాను. వల అట్లాగే ఉంది, పువ్వు లేదు. నీళ్ళలో రెక్క కూడా తేలడం లేదు.

ఒక మాట రాస్తాను, కోపం తెచ్చుకోకు. మా మేడ మీదికి పిలవకుండా బయటివాళ్ళు ఒక్కరే వస్తున్నారు. ఉత్తరం తెచ్చిన ప్రతిసారీ అన్న, "తొట్టి చూసొస్త చెల్లే" అని పైకి వెళ్తున్నాడు. చాలాసేపు ఉంటున్నాడు. దిగి వచ్చేటప్పుడు నా మొహం చూడటం లేదు. మొన్న చేతులు వెనక పెట్టుకొని దిగాడు.

అన్నకు నా పువ్వులతో ఏం పని? ఆయనంతట ఆయన చేసే మనిషి కాదు. ఎవరైనా చెప్తే మాత్రం చేస్తాడు. నవ్వనని రాశావు. నవ్వకపోతే పోయె, గెలవాలని మాత్రం ఉందా వదినా?

స్వరూప


లాల్‌దర్వాజా,
సోమవారం.

శ్రీమతి స్వరూప గారికి,

మీరు రాసిన ఉత్తరం అందింది. మా వారు మీ ఇంటి మేడ ఇక ఎక్కరు. ఉత్తరాలు గుమ్మం దగ్గరే ఇచ్చి వస్తారు. చేపలు మీరే ఉంచుకోండి.

మీ ఒడిబియ్యం మీ చిన్నమ్మ గారితో పోయించుకోగలరు. వారికి నోరు బాగా పని చేస్తుంది.

ఇట్లు,
ఎం. నీలమ్మ

(కింద పెన్సిల్‌తో: చెల్లే, పువ్వులు నేను తెంపలే. ఒట్టు. మీ వదిన రెండు రోజుల సంది అన్నం వడ్డిస్తలేదు, గిన్నె ముందర పెట్టి పోతున్నది. పైకి ఎందుకు పోయిన్నో అడగకు. — రాజన్న)


కిషన్‌బాగ్,
దసరా అయిన తర్వాత.

వదినా,

సద్దుల బతుకమ్మ నాడు మీ బస్తీకి వచ్చాను. నువ్వు ఎప్పుడూ నా పక్కన నిలబడతావు. ఈసారి ఎదుటి వైపు వెళ్ళి నిలబడ్డావు. పాట మాట కిందికి రాదనుకొని నీ వైపు చూస్తూ గొంతు చించుకున్నాను. నువ్వు చప్పట్లు కొట్టావు గానీ తల ఎత్తలేదు. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఈ మాట రాయొద్దనుకున్నాను, రాసేశాను.

అన్న మేడ ఎక్కడం మానేశాడు. షౌకత్ బీ సాయంత్రాలు తన మేడ మీద కూర్చొని మా తొట్టికి కాపలా కాసింది. అయినా పువ్వులు పోతూనే ఉన్నాయి. అంటే అన్న తెంపలేదు. నువ్వు చెప్పి ఉండవు. నేను తొందరపడ్డాను. ఇంతకంటే ఎక్కువ రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇప్పుడు అసలు వింత విను. నిన్న సాయంత్రం అన్న వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "చెల్లే, కడుపు నొస్తున్నది, జర మేడ మీద గాలికి కూసుంట" అన్నాడు. కడుపు నొస్తే ఎవరూ మెట్లెక్కరు. అయినా పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆయన వెళ్ళిపోయాక పైకి వెళ్ళి చూస్తే, తొట్టిలో ఆకుల మధ్య కాయలు. నల్లగా, కొమ్ములతో, నిగనిగలాడుతూ. నర్సింహను కేకేశాను. షౌకత్ బీని కేకేశాను. అమ్మవారికి దండం పెట్టుకున్నాను. ఫోన్ తీసి నీ నంబరు మీద వేలు కూడా పెట్టాను.

ఎందుకో షౌకత్ బీ ఒక కాయ తీసి వాసన చూసింది. పంటితో ఒలిచి సగం కొరికి, నమిలి, నా వైపు చూసింది. "స్వరూపా, నీ చెట్టు మస్తు తెలివిగల్లది. కాయలు ఉడకపెట్టి, ఉప్పేసి మరీ కాస్తున్నది" అంది.

నర్సింహ మళ్ళీ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఈసారి ఆయన్ను ఏమీ అనలేదు. నేనూ మెట్ల మీద కూర్చొని నవ్వాను, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా.

వదినా, ఆ కాయలు ఎవరు పంపారో చెప్పు.

స్వరూప


లాల్‌దర్వాజా,
కార్తీకం మొదటి సోమవారం.

స్వరూపా,

నేనే పంపాను.

మా వీధి మలుపులో ఒకాయన సింగాడల బండి పెట్టాడు. పచ్చివి తెమ్మని మీ అన్నకు స్పష్టంగా చెప్పాను. "పచ్చివి, చెట్టు నుంచి తెంపినట్టుండాలె" అని చెప్పాను. ఆయన ఉడకబెట్టినవి తీసుకున్నాడు. ఎందుకని అడిగితే, "పచ్చియి తింటే కడుపుల గాలి వస్తది, చెల్లెకు పడది" అన్నాడు. చెల్లె తినడానికి కాదయ్యా, తొట్టిలో వేయడానికి అని నేను నెత్తి కొట్టుకున్నాను. దారిలో సగం ఆయనే తిన్నాడు. మిగిలినవే నీ చెట్టుకు కాశాయి.

ఇంకో సంగతి కూడా తేలింది. పువ్వులు తెంపకపోతే మేడ మీద అంతసేపు ఏం చేస్తావని అడిగాను. చివరికి ఒప్పుకున్నాడు. బీడీలు. నాకు మానేశానని చెప్పి, ఇన్ని నెలలుగా నీ మేడ మీద కాలుస్తున్నాడు. అందుకే నీ మొహం చూడకుండా దిగేవాడు. పువ్వుల సంగతిలో నువ్వు తప్పే గానీ, దొంగను మాత్రం సరిగ్గానే పట్టుకున్నావు. అందుకు నీ మీద సగం కోపం పోయింది.

మిగిలిన సగం కూడా లేదు. అబద్ధం ఎందుకు, నాకు నీతో మాట్లాడాలని ఉంది. సాయంత్రాలు హాయిగా ఉన్నాయని మొదటి ఉత్తరంలో రాశాను కదా. లేవు. నీ ఫోన్ వచ్చే వేళకు పొయ్యి తగ్గించి కూర్చోవడం అలవాటు. ఇప్పటికీ తగ్గిస్తున్నాను. అన్నం ఆలస్యమవుతోంది, మీ అన్న ఊఁ అంటున్నాడు.

కాయలు చూసి నువ్వు నమ్మేస్తావని, ఒక కాయ తెచ్చి నా చేతిలో పెడతావని అనుకున్నాను. అమ్మవారిని మోసం చేసినట్టు అవుతుందేమోనని కూడా అనిపించింది. పాపం నాకే తగలమని, నీకూ ప్రీతికీ వద్దని మొక్కుకొని మరీ పంపాను. ఆమె అన్నీ చూసి, ఉప్పు వేసి తిప్పి పంపింది.

ఇప్పుడేం చేద్దాం? నిజంగా కాయ రాకపోతే చిన్నమ్మతోనే పోయించు. నేను వెనక నిలబడతాను. కోపంతో రాయడం లేదు.

నీ వదిన


కిషన్‌బాగ్,
ఒడిబియ్యానికి ముందు రోజు.

వదినా,

ఇది చదివేటప్పుడు కూర్చో. అన్నను పక్కన కూర్చోపెట్టుకో, ఎట్లాగూ ముందే చదివేసి ఉంటాడు.

పొద్దున టెంటు వాళ్ళు వచ్చారు. ప్రీతిని మంగళస్నానానికి కూర్చోబెట్టడానికి మేడంతా కావాలని, తొట్టి తీసేయాలని అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళ చేత పీకించడం ఇష్టం లేక, నేనే చేతులు పైకి మడిచి నీళ్ళలో పెట్టాను. వేసిన నాటి నుంచి అదే మొదటిసారి ముట్టుకోవడం. పుదీనను రోజూ పైకి లాగి వేర్లు వచ్చాయా అని చూసేదాన్ని, నీకు తెలుసు కదా. దీన్ని మాత్రం చచ్చిపోతుందేమోనని భయపడి వేలు కూడా తగలనివ్వలేదు.

ఒక ఆకుల గుత్తిని పట్టుకొని తిరగేశాను.

కింద కాయలు ఉన్నాయి వదినా. పచ్చగా, కొసలు ఎర్రగా, రెండు పక్కలా కొమ్ములు. ఇంకో గుత్తి తిరగేశాను. దాని కింద కూడా. పువ్వులను ఎవరూ తెంపలేదు. పూయడం అయిపోగానే ప్రతి పువ్వూ తనే కాడ వంచి నీళ్ళలోకి దిగిపోయి, ఆకుల చాటున కాయ కట్టుకుంది. కొన్ని కాడల చివర వాడిన రెక్కలు ఇంకా అంటుకొని ఉన్నాయి. నేను పైనుంచి ఆకులు చూసుకుంటూ, కింద ఇంత కాపు పెట్టుకొని, నిన్నూ అన్ననూ దొంగలను చేశాను. షౌకత్ బీకి చూపిస్తే, "ఇన్నేండ్లు తింటున్న, కిందికెల్లి కాస్తదని నాకూ ఎర్క లేదు" అంది.

వాసన చూశాను. కొరికి చూశాను. చప్పగా, తియ్యగా ఉంది. ఉప్పు లేదు.

ఒక కాయ నీకు పంపడం లేదు. అన్న చేతికిస్తే దారిలో తింటాడు, అదొకటి. ఒట్టు పెట్టింది నా చేత్తో నీ చేతిలో పెడతానని, అది రెండోది. రేపు నువ్వు మూతి ముడుచుకునే రా. ఎవరికీ చెప్పకు. మనిద్దరం ఎట్లా మొహాలు పెట్టుకుంటామో చూడటానికి చిన్నమ్మ ముందే వచ్చి కూర్చుంటుంది. ఆమెను ఎందుకు నిరాశపరచడం? పుట్టింటికి లోటు రాకుండా ఒడిలోంచి పిడికిళ్ళతో బియ్యం తిరిగి పోస్తాం కదా. ముందు అది జరగనిద్దాం, బియ్యంతో పాటు కాయ నీ చేతిలో పడుతుంది. అది పడ్డాకే దీవెన. ఆ మాట ముందు రాకపోయినా ఫరవాలేదు, నీ నోటి నుంచి వస్తే చాలు.

అమ్మ మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు వదినా. అమ్మ అనుకుంటే నీ మొహమే వస్తుంది. ఇది ఎదురుగా చెప్పలేను, నువ్వు ఎగతాళి చేస్తావు. అందుకే ఒట్టు ఉండగానే రాసేస్తున్నాను.

స్వరూప


లాల్‌దర్వాజా,
పెళ్ళి అయిన తర్వాతి నెల.

స్వరూపా,

రోజూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాం, ఇంకా ఉత్తరమేంటని అనుకుంటున్నావు కదా. ఆగు, చెప్తాను.

ఆ రోజును నేను మరిచిపోలేను. నేనూ మీ అన్నా ఎదురుగా నిలబడి నీ ఒడి నింపుతుంటే చిన్నమ్మ మెడ ఎంత ముందుకు చాపిందో చూశావా. నేను పళ్ళు బిగబట్టి బియ్యం పోశాను. నువ్వు తల దించుకొని నవ్వు ఆపుకుంటున్నావు, భుజాలు కదలడం నాకు కనపడింది. తర్వాత నువ్వు బియ్యం తిరిగి పోస్తుంటే నా అరచేతిలో చల్లగా, తడిగా కాయ పడింది.

మొదటి మాట ఏం అనాలో రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. ఎన్ని మంచి మాటలు కూర్చుకున్నానో నీకు తెలియదు. తీరా నోరు తెరిస్తే నా నోట్లోంచి వచ్చింది, "ఉప్పేసినవానే?" అని. నువ్వు "లేదొదినా, ఈసారి మర్సిపోయిన" అన్నావు. అంతే, ఇద్దరం పీటల దగ్గరే కూలబడి నవ్వాం. చిన్నమ్మ "ఏందే, ఏమైందే, ఉప్పేంది?" అని అందరినీ అడుగుతూ తిరిగింది. ఇప్పటికీ ఎవరూ చెప్పలేదట. చెప్పకు.

తర్వాత "సల్లగ ఉండు బిడ్డా" అన్నాను. అప్పుడు నేను ఏడుస్తున్నానని నువ్వు అనుకున్నావు. నిజమే, ఏడుస్తున్నాను.

ఇప్పుడు ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో మనం ఏం మాట్లాడుకుంటున్నామో గమనించావా? కూర ఏంటి, గ్యాస్ వచ్చిందా, ప్రీతి వాళ్ళత్త ఏమంది. నువ్వు చెప్పేది సగంలో నేను ఆపుతాను, నేను చెప్పేది సగంలో నువ్వు ఆపుతావు. అమ్మ అనుకుంటే నా మొహం వస్తుందని రాశావు చూడు, అట్లాంటి మాట ఫోన్‌లో ఒక్కటి కూడా రాలేదు. నేనూ అననులే, నాకూ సిగ్గే. ఆ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచుకున్నాను. మీ అన్న దాన్ని ఎన్నిసార్లు తీసి చదివాడో, మడతల దగ్గర చిరుగుతోంది. బీడీ వాసన కూడా వస్తోంది.

నువ్వు నా చేతిలో పెట్టిన కాయ నేను తినలేదు. నీళ్ళలో వేసి ఉంచాను. ఎండాకాలానికి మొలక వస్తుందని షౌకత్ బీ తమ్ముడు చెప్పాడట. మా మేడ మీద కూడా తొట్టి కడిగి పెట్టాను.

అందుకని విను. వచ్చే బోనాలకు నలుగురి ముందర ఏదో ఒక లొల్లి పెట్టుకుందాం. గట్టిగా ఉండాలి, చలికాలం దాకా నిలవాలి. ఈసారి బోనం జోలికి వద్దు, అమ్మవారితో మనకు భయం. ఉత్త ఒట్టు చాలు. కారణం నువ్వే చూడు, నీకు అవి తొందరగా దొరుకుతాయి.

సాయంత్రం ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి ఎత్తకు. రాయి.

నీ వదిన,
నీలమ్మ